రమ్ ఐస్‌క్రీమ్ ఇంట్లో గట్టిగా కుదరాలంటే

"ఐస్‌క్రీమ్‌లో రమ్ కలిపాను, రెండు రోజులైనా గడ్డకట్టలేదు. ఏం చేయమంటారు?"

ఎండలు మొదలైతే చాలు, ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు బ్రాందీ అంటారు, గాజువాక నుంచి ఇంకొకరు వైన్ అంటారు. సీసా మారుతుంది గానీ సమస్య మారదు. జవాబూ మారదు: మీరు ఎక్కువ పోస్తున్నారు. "మందు ఐస్‌క్రీమ్ అన్నాక ఆమాత్రం ఉండద్దా" అని చేయి జారవిడుస్తున్నారు. ఐస్‌క్రీమ్‌లో మందు వేసేది వాసన కోసం, గొంతులో తగిలే ఆ చిన్న వెచ్చదనం కోసం. దానికి రెండు చిన్న పెగ్గులు చాలు, అదీ లీటరు ఐస్‌క్రీమ్ మొత్తానికి.

వైజాగ్ ఉక్కపోతలో, మామూలు ఇంటి ఫ్రిజ్‌తో, మెషీన్ లేకుండా చేసుకునే పద్ధతి కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను. గుడ్డు లేదు, జెలటిన్ లేదు.

గిన్నె తీసే ముందు

ఇది పెద్దవాళ్ల కోసం మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. ఇంట్లో చేసిన ఐస్‌క్రీమ్‌కీ అదే వయసు పెట్టుకోండి. "ఒక్క చెంచాయే కదా" అని టెన్త్ చదివే పిల్లాడి నోట్లో పెట్టకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు దీనికి దూరంగా ఉండాలి. నిద్ర మాత్రలు, ఫిట్స్ మాత్రలు, షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా తినకూడదు. కడుపు నొప్పికీ పంటి చీముకీ తరచుగా రాసే మెట్రోనిడజోల్ మాత్రలు వాడుతున్నప్పుడు మందు తగలకూడదని డాక్టర్లు చెబుతారు. ఈ సంగతి చాలామందికి తెలియదు, అందుకే పేరు పెట్టి చెబుతున్నాను. తాగుడు మానేసిన మనిషి ఇంట్లో ఉంటే అసలు ఈ పని పెట్టుకోకండి. ఆ వాసన ఒక్కటే వాళ్లకు పెద్ద పరీక్ష.

అతిథులకు పెట్టే ముందు నోరు తెరిచి చెప్పండి. "తిన్నాక చెబుదాంలే, సరదాగా ఉంటుంది" అనుకోవడం తప్పు. దీక్షలో ఉన్నవాళ్లు ఉంటారు, మాత్రలు వేసుకునేవాళ్లు ఉంటారు, బండి నడుపుకుంటూ వెళ్లాల్సినవాళ్లు ఉంటారు.

బాగా కుదిరింది కదా అని అమ్మకానికి పెట్టకండి. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో విస్కీ కలిపిన ఐస్‌క్రీమ్ అమ్ముతున్నారని ఎక్సైజ్ అధికారులు దాడి చేసి కేసు పెట్టారు. లైసెన్సు లేకుండా మద్యం ఏ రూపంలో అమ్మినా నేరమే, కప్పులో పెట్టి అమ్మినా సరే.

సీలు, హోలోగ్రామ్ ఉన్న సీసానే వాడండి. ఎవరో తెచ్చిచ్చిన నాటుసారా, మూత తీసి ఉన్న సీసా, లేబుల్ లేని "మిలిటరీ రమ్" వద్దు. మిథనాల్ కలిసిన సారా కళ్లు పోగొడుతుంది, ప్రాణం కూడా తీస్తుంది. గడ్డకట్టించినంత మాత్రాన ఆ విషం పోదు.

ఎందుకు గట్టిపడదు: మూడు ముక్కల్లో

నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. ఆల్కహాల్ గడ్డకట్టాలంటే మైనస్ 114 డిగ్రీలు కావాలి. ఇంటి ఫ్రీజర్ బాగా పనిచేస్తే మైనస్ 18 దాకా వెళుతుంది. అంటే మీరు పోసిన రమ్‌లోని ఆల్కహాల్ ఫ్రీజర్‌లో ఎన్నాళ్లున్నా గడ్డకట్టదు, తన చుట్టూ ఉన్న నీటినీ సరిగ్గా గడ్డకట్టనివ్వదు. పంచదార కూడా ఇదే పని చేస్తుంది. అందుకే రమ్ పోసినప్పుడు తీపి కాస్త తగ్గించాలి. ఇంతకు మించి సైన్స్ మనకు అవసరం లేదు.

ఎంత పోయాలి

మన షాపుల్లో దొరికే రమ్, విస్కీ, బ్రాందీ, వోడ్కా సాధారణంగా 42.8 శాతం. లేబుల్ మీద చూడండి, అంకె ఉంటుంది. కింద ఇచ్చిన లెక్క అర లీటరు క్రీమ్‌తో చేసే ఐస్‌క్రీమ్‌కి. నురగ వచ్చేలా కొట్టాక అది దాదాపు లీటరు అవుతుంది.

రమ్, విస్కీ, బ్రాందీ, వోడ్కా: నేరుగా క్రీమ్‌లో కలిపేది 30 మి.లీ. ఫ్రీజర్ మంచిదైతే 45. అది దాటకండి.

కాఫీ లిక్కర్, క్రీమ్ లిక్కర్ లాంటివి (15 నుంచి 20 శాతం): 75 మి.లీ. వీటిలో పంచదార ముందే ఉంటుంది కాబట్టి కండెన్స్‌డ్ మిల్క్ 50 గ్రాములు తగ్గించండి.

వైన్: నేరుగా పోయకండి. అందులో నీళ్లెక్కువ, పులుపూ ఎక్కువ. 200 మి.లీ. వైన్‌ని సన్నని సెగ మీద 60 మి.లీ. అయ్యేదాకా మరిగించి, పూర్తిగా చల్లార్చి కలపండి. తియ్యటి పోర్ట్ వైన్ దీనికి బాగుంటుంది.

బీరు: నేను చెప్పను. మరిగిస్తే చేదు చిక్కబడుతుంది, మరిగించకపోతే ఐస్ ముక్కలవుతాయి.

కొలవడానికి పెగ్ మెజర్ ఉంటే సరే. లేకపోతే దగ్గుమందు సీసా మీద వచ్చే చిన్న ప్లాస్టిక్ మూత తీసి చూడండి, దాని మీద 2.5, 5, 10 అని గీతలుంటాయి. శుభ్రంగా కడిగి దాన్నే వాడండి. 10 గీత దాకా మూడుసార్లు పోస్తే 30 మి.లీ. సీసాతో అంచనాగా పోసేవాళ్లెవరికీ ఐస్‌క్రీమ్ కుదరదు.

కావలసినవి

ఈ కొలతలు రమ్-కిస్‌మిస్ ఐస్‌క్రీమ్‌కి, చిన్న కప్పులతో ఎనిమిది మందికి.

- విప్పింగ్ క్రీమ్: 500 మి.లీ.
- కండెన్స్‌డ్ మిల్క్: 200 గ్రాములు
- పాలపొడి: 2 పెద్ద చెంచాలు
- కిస్‌మిస్: 75 గ్రాములు (నల్లవైనా, పచ్చవైనా)
- డార్క్ రమ్: 60 మి.లీ., అంతే (ఇది కిస్‌మిస్ నానబెట్టడానికి, నానాక మిగిలిందే క్రీమ్‌లోకి)
- వెనీలా ఎసెన్స్: అర టీస్పూన్
- ఉప్పు: చిటికెడు
- జీడిపప్పు: గుప్పెడు, ఇష్టమైతే

సామాన్లు: స్టీలు గిన్నె, ఎలక్ట్రిక్ బీటర్, జల్లెడ, వెడల్పాటి గరిటె, మూత గట్టిగా పట్టే వెడల్పు డబ్బా, డబ్బాలోకి సరిపోయే ప్లాస్టిక్ షీటు.

క్రీమ్ విషయంలో ఒక మాట. షాపుకెళ్లి "క్రీమ్" అంటే ఫ్రెష్ క్రీమ్ చేతిలో పెడతారు. అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, దాన్ని ఎంత కొట్టినా నురగ నిలవదు. ప్యాకెట్ మీద విప్పింగ్ క్రీమ్ అని ఉండాలి, కొవ్వు కనీసం 30 శాతం ఉండాలి. కేకు సామాన్లమ్మే షాపుల్లో నాన్-డెయిరీ విప్పింగ్ క్రీమ్ కూడా దొరుకుతుంది. అది సులువుగా లేస్తుంది, ఉక్కపోతకు తట్టుకుంటుంది, కానీ వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసింది, ముందే తీపి కలిపి ఉంటుంది. అది వాడితే కండెన్స్‌డ్ మిల్క్ 100 గ్రాములకు తగ్గించండి. రుచికి నా ఓటు పాల క్రీమ్‌కే. వెజిటబుల్ ఫ్యాట్ నాలుక మీద పూతలా మిగిలిపోయి రమ్ వాసనను మూసేస్తుంది.

రమ్ విషయానికొస్తే, ఖరీదైనది అక్కర్లేదు. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చి ప్రైవేటు షాపులు తెరుచుకున్నాక మన దగ్గరా పాత బ్రాండ్లు మళ్లీ దొరుకుతున్నాయి. వెనీలా వాసన, మాడిన పంచదార వాసన ఉన్న డార్క్ రమ్ ఏదైనా సరిపోతుంది, ఓల్డ్ మాంక్ లాంటిది.

ముందు రోజు రాత్రి

1. కిస్‌మిస్‌ని గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు కడిగి, గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా ఆరనివ్వండి. తొడిమలు తీసేయండి. చిన్న పనే గానీ ఐస్‌క్రీమ్ మధ్యలో తొడిమ పంటికి తగిలితే చాలా విసుగు.

2. చిన్న గాజు సీసాలో కిస్‌మిస్ వేసి, కొలిచిన 60 మి.లీ. రమ్ పోసి, మూత పెట్టి కదపండి. రాత్రంతా బయటే ఉంచొచ్చు. పొద్దున్నకి కిస్‌మిస్ ముడతలు విప్పుకుని, లావెక్కి, తోలు నిగనిగలాడుతూ ఉంటుంది. ఒకటి వేళ్లతో నొక్కితే రసం రావాలి. ఇంకా గట్టిగా ఉంటే మరో నాలుగైదు గంటలు ఆగండి.

తొందర పడి రమ్‌ని స్టవ్ మీద వేడి చేయకండి. ఇంత గాఢత ఉన్న మద్యం నుంచి అంటుకునే ఆవిరి దాదాపు 26 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. వైజాగ్‌లో మే నెల మధ్యాహ్నం వంటిల్లు అంతకన్నా వేడిగానే ఉంటుంది. మంట పక్కన సీసా మూత తీసి కూడా పెట్టకండి. తొందరగా నానాలంటే కిస్‌మిస్‌ని ముందు వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచి, పిండి, ఆరబెట్టి, అప్పుడు రమ్‌లో వేయండి.

3. స్టీలు గిన్నె, బీటర్ పుల్లలు, ఐస్‌క్రీమ్ డబ్బా అన్నీ ఫ్రీజర్‌లో పెట్టండి. క్రీమ్ ప్యాకెట్లు మాత్రం కింద ఫ్రిజ్‌లో, వెనక గోడకి దగ్గరగా. క్రీమ్‌ని ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తే కరిగాక విరిగిపోయి ఇక లేవదు.

ఆ రాత్రే మీ ఫ్రీజర్‌నీ పరీక్షించండి. కొన్న మామూలు ఐస్‌క్రీమ్ కప్పు ఒకటి అందులో పెట్టి పొద్దున్న చెంచా దించండి. గట్టిగా ఉంటే మీ ఫ్రీజర్ పనికొస్తుంది. మెత్తగా దిగిపోయిందంటే రమ్ కలిపింది అందులో ఎప్పటికీ గట్టిపడదు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న ఐస్ అరతో చాలామందికి వచ్చే ఇబ్బంది ఇదే. అలాంటివాళ్లు క్రీమ్‌లో మందు కలపకుండా, చివర్లో చెప్పిన పద్ధతి చేసుకోండి. రుచిలో అదేం తక్కువ కాదు.

తయారీ

4. కిస్‌మిస్‌ని వడకట్టండి. కింద మిగిలిన రమ్ పారబోయకండి, కొలవండి. 30 మి.లీ. లోపే ఉంటుంది సాధారణంగా. అదే క్రీమ్‌లో కలిపే రమ్. "తగ్గింది కదా" అని సీసా నుంచి మళ్లీ పోయొద్దు. పోయినదంతా కిస్‌మిస్‌లోనే ఉంది. ఈ పద్ధతిలో లాభం కూడా అదే: కిస్‌మిస్ తాగిన రమ్ క్రీమ్‌ని పల్చన చేయదు, కొరికినప్పుడు మాత్రం పూర్తి వాసన ఇస్తుంది. ఆ రమ్‌ని, కిస్‌మిస్‌ని విడివిడిగా గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి.

5. కండెన్స్‌డ్ మిల్క్‌లో పాలపొడి జల్లించి, ఉప్పు, వెనీలా వేసి ఉండల్లేకుండా కలపండి. పాలపొడి మానేయకండి. వదులుగా ఉన్న నీటిని పట్టి ఉంచేది అదే.

పిల్లలున్న ఇల్లైతే ఇక్కడ ఆగండి. ఈ మిశ్రమంలో మూడో వంతు వేరే గిన్నెలోకి తీసేయండి. అది పిల్లల వాటా, దానికి వేరే గరిటె. ఇక మీ వాటా చిన్నదైంది కాబట్టి రమ్ కూడా 20 మి.లీ. దాటకండి. ముందు రమ్ కలిపేసి తర్వాత "పిల్లలకి ఏం పెడదాం" అని ఆలోచించే పరిస్థితి తెచ్చుకోకండి.

6. చల్లటి రమ్‌ని మీ వాటా కండెన్స్‌డ్ మిల్క్‌లో కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. కొట్టిన క్రీమ్ మీద నేరుగా రమ్ పోయకూడదు. పోసిన చోటే నురగ చచ్చి నీరవుతుంది, అది డబ్బా అడుక్కి దిగిపోతుంది.

7. ఇప్పుడు క్రీమ్. చల్లబడిన స్టీలు గిన్నెను ఐస్ ముక్కలు వేసిన పెద్ద బేసిన్‌లో కూర్చోబెట్టండి. మన ఊళ్లో మార్చి నుంచి అక్టోబరు దాకా ఇది తప్పనిసరి, ఫ్యాను గాలికి చల్లదనం నిలవదు. ఏసీ గది ఉంటే అక్కడే చేయండి. బీటర్ మొదట నెమ్మది వేగంలో, నురగ కట్టాక మధ్య వేగంలో తిప్పండి. ఎక్కువ వేగం వద్దు.

ఎప్పుడు ఆపాలో కంటితో చూడాలి. మొదట పెద్ద బుడగలు, తర్వాత సన్న నురగ, ఆ తర్వాత బీటర్ తిరిగిన చోట గీతలు పడి చెరగకుండా నిలుస్తాయి. అక్కడ ఆపి పుల్లలు పైకెత్తండి. కొన నిలబడి, చివర మాత్రం కిందికి వంగాలి. అదే సరైన దశ. ఇంకో అర నిమిషం తిప్పితే కొన నిటారుగా నిలబడుతుంది, అంచులు పగిలినట్టు, రవ్వలా కనిపిస్తాయి. అంటే వెన్న అవడానికి సిద్ధమవుతోందన్నమాట. అక్కడిదాకా వెళితే రెండు చెంచాల చల్లటి క్రీమ్ పోసి గరిటెతో మెల్లగా కలపండి, చాలావరకు దారికొస్తుంది. పసుపు ముద్దలు, నీళ్లు విడిపోయాయంటే మాత్రం ఇక అది వెన్నే. రొట్టెకి రాసుకోండి, ఐస్‌క్రీమ్‌కి కొత్త ప్యాకెట్ తీయండి.

పిల్లల వాటా విడిగా చేస్తున్నవాళ్లు కొట్టిన క్రీమ్‌లో మూడో వంతు ముందే అటు తీసేయాలి.

8. మొదట ఒక గరిటెడు క్రీమ్‌ని రమ్ కలిపిన కండెన్స్‌డ్ మిల్క్‌లో వేసి ధారాళంగా కలపండి, అది పల్చబడుతుంది. తర్వాత దాన్నంతా క్రీమ్ గిన్నెలో పోసి, గరిటెను అడుగు నుంచి పైకి మడత పెడుతున్నట్టు తిప్పండి. గిన్నెను కొంచెం కొంచెం తిప్పుతూ ఉండండి. తెల్ల చారలు, లేత గోధుమ చారలు కలిసిపోయి ఒకే రంగు రాగానే ఆపేయండి. బీటర్‌తో కలిపితే లోపలి గాలంతా పోతుంది, గాలి పోతే గట్టి రాయిలా ఐస్ కడుతుంది. గిన్నె అడుగున ఒకసారి గీకి చూడండి, పల్చటి రమ్ అక్కడే దాక్కుంటుంది.

9. చల్లబడిన డబ్బాలో పోసి, పైభాగానికి ఆనేలా ప్లాస్టిక్ షీటు పరిచి మూత పెట్టండి. షీటుకీ క్రీమ్‌కీ మధ్య గాలి ఉంటే సముద్రపు తేమంతా అక్కడ మంచు పొరై కూర్చుంటుంది. ఫ్రీజర్‌లో బాగా లోపలికి పెట్టండి, తలుపు పక్కన వద్దు.

10. రెండు గంటల తర్వాత తీయండి. అంచులు గట్టిపడి మధ్యలో గట్టి పెరుగులా ఉంటుంది. అప్పుడు కిస్‌మిస్, వేయించి చల్లార్చిన జీడిపప్పు వేసి రెండు మూడు మడతలు తిప్పి, మళ్లీ షీటు, మూత. మొదట్లోనే వేస్తే నానిన కిస్‌మిస్ బరువుకి అడుక్కి చేరుతుంది. పలాస జీడిపప్పు దొరికితే నేతిలో దోరగా వేయించి వేయండి, దాన్ని రమ్‌లో నానబెట్టకండి, కరకర పోతుంది.

11. కనీసం 12 గంటలు కదపకండి. మందు లేనిది ఆరేడు గంటల్లో కుదురుతుంది, ఇది కుదరదు. రాత్రి పెట్టి మర్నాడు మధ్యాహ్నం తీస్తే మంచిది. మాటిమాటికీ తలుపు తీసి చూడటం వల్లే సగం మందికి ఆలస్యమవుతుంది.

డబ్బా మీద పెద్దక్షరాలతో "రమ్ ఉంది, పెద్దలకు మాత్రమే" అని, తేదీతో సహా రాసి టేపు అంటించండి. పిల్లల డబ్బా వేరే రంగుది, వేరే అరలో ఉండాలి. ఇంట్లో పనిచేసే అమ్మాయికీ, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకీ కూడా చెప్పి ఉంచండి. ఎండలో ఆడుకుని వచ్చిన మనవడికి ప్రేమగా ఫ్రీజర్ తెరిచేది వాళ్లే.

కుదిరిందో లేదో ఎలా చూడాలి

చెంచా నిలువుగా గుచ్చండి. కొంచెం బలం పెడితే దిగాలి, వదిలేస్తే నిలబడాలి. వెంటనే పక్కకి వాలిపోతే ఇంకో ఆరు గంటలు.

ఒక ఉండ తీసి చల్లటి ప్లేటులో పెట్టి మూడు నిమిషాలు చూడండి. అంచులు మాత్రమే మెరుస్తూ కరగాలి. ఉండ మొత్తం చదునుగా పరుచుకుంటే ఆల్కహాల్ ఎక్కువైనట్టు.

డబ్బా అడుగున ఒక మూల గీకండి. అక్కడ పాకంలా జారేది ఉంటే కలపడం సరిగ్గా జరగలేదు.

ఇక రుచి. చల్లగా ఉన్నప్పుడు తీపి తక్కువగా తెలుస్తుంది. అందుకే గడ్డకట్టక ముందు రుచి చూస్తే కాస్త తీపి ఎక్కువగానే అనిపించాలి. రమ్ ఘాటు మొదటి రోజు విడిగా తెలుస్తుంది, రెండో రోజుకి పాలతో కలిసిపోతుంది. నాకు రెండో రోజుదే ఇష్టం.

కుదరకపోతే

రోజు గడిచినా జారుగా ఉంది: ఇంకో 200 మి.లీ. విప్పింగ్ క్రీమ్ కొట్టి, రెండు చెంచాల పాలపొడి జల్లించి, జారుగా ఉన్నదాన్ని అందులో మడత పెట్టి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టండి. చాలావరకు నిలబడుతుంది. ఫ్రీజర్ డయల్‌ని ఎక్కువ చల్లదనానికి తిప్పడం మర్చిపోకండి. అప్పటికీ కాకపోతే గ్లాసుల్లో పోసి చిక్కటి షేక్‌గా ఇవ్వండి.

ఐస్ పలుకులు తగులుతున్నాయి: నీళ్లు ఎక్కడి నుంచో చేరాయి. తడి కిస్‌మిస్, మరిగించని వైన్, పల్చటి పాలు, లేదంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టడం.

చేదుగా, స్పిరిట్ వాసనగా ఉంది: పోసింది ఎక్కువ, లేదా మందు నాసిరకం. పంచదార వేసి కప్పిపుచ్చడం కుదరదు, ఇంకా జారవుతుంది. పైన చెప్పినట్టు క్రీమ్ పెంచడమే దారి.

పాలు విరిగినట్టు పలుకులుగా ఉంది: వేడి పాలలో మందు పోశారు, లేదా పుల్లటి వైన్ కలిపారు. ఎప్పుడైనా అన్నీ చల్లారాకే కలపాలి.

"మరిగిస్తే మందు పోతుంది కదా, అప్పుడు పిల్లలకీ పెట్టొచ్చా" అని అడుగుతారు. పోదు. కూరలో, పాకంలో కలిపి పదిహేను నిమిషాలు ఉడికించినా దాదాపు 40 శాతం ఆల్కహాల్ మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ లెక్కలు చెబుతాయి. పిల్లలకి వేరే డబ్బానే.

మన దగ్గర దొరికేవాటితో

అరకు కాఫీ, రమ్: వీటి జోడీ నాకు కిస్‌మిస్ కన్నా ఎక్కువ ఇష్టం. డికాషన్ పోస్తే నీళ్లు చేరతాయి కాబట్టి ఇలా చేయండి. కాస్త బరకగా పట్టించిన అరకు కాఫీ పొడి 25 గ్రాములు చల్లటి విప్పింగ్ క్రీమ్‌లో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్న పల్చటి గుడ్డలో వడకట్టండి. వేడి తగలదు కాబట్టి చేదు దిగదు, రంగు లేత గోధుమలో ఉంటుంది, వాసన మాత్రం గిన్నె తెరవగానే తెలుస్తుంది. చికోరీ లేని పొడి తీసుకోండి. ఈ క్రీమ్‌ని మామూలుగానే కొట్టి, 30 మి.లీ. రమ్ కలపండి. కిస్‌మిస్ అక్కర్లేదు.

అనకాపల్లి బెల్లం: రమ్ కూడా చెరకు మొలాసిస్ నుంచి వచ్చిందే కాబట్టి ఇవి రెండూ బాగా కలుస్తాయి. 100 గ్రాముల బెల్లం రెండు చెంచాల నీళ్లతో కరిగించి, వడకట్టి, తీగ పాకం పట్టి, పూర్తిగా చల్లార్చండి. కండెన్స్‌డ్ మిల్క్ సగం తగ్గించి దీన్ని వేయండి. వేడి బెల్లం పాలతో కలిస్తే విరుగుతుంది, కాబట్టి గిన్నె అడుగు చేత్తో తాకి చూసి గాని కలపకండి. ముదురు రంగు బెల్లం మంచిది.

సపోటా: బాగా పండిన గుజ్జు 150 గ్రాములు, రమ్ 30. సీతాఫలం ఏజెన్సీ నుంచి దిగే రోజుల్లో బ్రాందీతో చేయండి, కానీ గుజ్జుని ఉడికించకండి, చేదెక్కుతుంది. రైతు బజార్‌లో కొన్న మామిడి అయితే గుజ్జుని చిక్కబడేదాకా ఉడికించి చల్లార్చి, వోడ్కా 30 మి.లీ. చాలు.

విప్పింగ్ క్రీమ్ దొరకకపోతే

అర లీటరు చిక్కటి పాలలో ఒకటిన్నర పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్, మూడు చెంచాల పాలపొడి, 90 గ్రాముల పంచదార కలిపి, గరిటెకి అంటేదాకా ఉడికించి చల్లార్చండి. 200 మి.లీ. ఫ్రెష్ క్రీమ్ కలిపి నాలుగు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి, మిక్సీలో తిప్పి, మళ్లీ పెట్టి, మళ్లీ తిప్పాలి. రెండోసారి తిప్పేటప్పుడే 25 మి.లీ. రమ్ పోయండి. విప్పింగ్ క్రీమ్‌తో చేసినంత మెత్తగా ఉండదు గానీ ఖర్చు తక్కువ.

క్రీమ్‌లో కలపకుండా

ఫ్రీజర్ బలహీనమైనా, ఓపిక లేకపోయినా, ఇంట్లో ఇద్దరే తినేవాళ్లున్నా ఇదే మేలు. మంచి వెనీలా ఐస్‌క్రీమ్ కొనండి. ప్యాకెట్ మీద "ఫ్రోజెన్ డెజర్ట్" అని ఉంటే అది వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసినది, ఐస్‌క్రీమ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. కప్పులో ఒక ఉండ, దాని మీద 10 మి.లీ. రమ్, ఆపైన 30 మి.లీ. వేడి వేడి చిక్కటి కాఫీ డికాషన్. వెంటనే తినాలి. ఎవరికి కావాలో వాళ్లకే పోస్తారు కాబట్టి కొలత మీ చేతిలో ఉంటుంది, మిగతావాళ్లు ఉత్త కాఫీతో తింటారు.

రమ్‌లో నానిన కిస్‌మిస్ సీసా ఒకటి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే ఒక చెంచా పైన చల్లుకోవచ్చు. సీసా మీద కూడా లేబుల్ ఉండాలి.

వడ్డన, నిల్వ

కప్పుకి ఒక్క ఉండ. ఎనిమిది కప్పులు చేస్తే ఒక్కో దానిలో 7.5 మి.లీ. రమ్ ఉంటుంది, అంటే చిన్న పెగ్గులో పావు వంతు. తీపీ చల్లదనం కలిసి ఘాటుని దాచేస్తాయి కాబట్టి మూడు నాలుగు కప్పులు తెలియకుండానే లోపలికి పోతాయి. పక్కన గ్లాసు కూడా ఉంటే ఇవీ లెక్కలో వేయండి. డ్రైవింగ్‌లో చట్టం ఒప్పుకునేది 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకానే. తిన్న వెంటనే నోట్లో మిగిలిన రమ్‌కే బ్రీత్ ఎనలైజర్ పలకొచ్చు. బండి నడిపేవాళ్లకి పిల్లల డబ్బాలోంచి పెట్టండి.

రెండు వారాల్లో తినేయండి. మందు ఉంది కదా పాడవదులే అనుకోవద్దు. ఇంత తక్కువ ఆల్కహాల్ పాలని కాపాడదు.

తుపాను హెచ్చరిక వస్తే కొత్తగా చేయడం మానుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు మనది. మామూలు కోతల్లో ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంటే కొన్ని గంటలు తట్టుకుంటుంది. కరెంటు వచ్చాక డబ్బా తెరిచి చూడండి. అంచులు మెత్తబడి మధ్య గట్టిగానే ఉంటే అలాగే ఉంచేయండి. మొత్తం పాయసంలా కరిగిపోయి రెండు గంటలు దాటితే మళ్లీ గడ్డకట్టించకుండా పారబోసేయండి.